నల్ల గొంగడికి ఎంత వెలుగు?

కార్తీకమాసం చివరి శనివారం తెల్లవారుజామున అయిదూ ముప్పావుకి నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కాను. పల్లెవెలుగు బస్సు, ఆడవాళ్ళకు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. భుజాన కెమెరా సంచి, చేతిలో బట్టల సంచి, ముక్కుదాకా మఫ్లరు. నిరుడు రిటైరైన లెక్కల టీచరు ఈ అవతారంలో బయల్దేరితే ఎవరికైనా నవ్వొస్తుంది. బస్సు అద్దంలో చూసుకుంటే నాకే వచ్చింది.

వెళ్తున్నది పాలమూరు వైపు, దేవరకద్ర దగ్గర మా అక్క లచ్చమ్మ ఊరికి. ఊరి పేరు రాయొద్దని మా బావ బీరయ్య గట్టిగా చెప్పాడు కాబట్టి రాయను. దారి మాత్రం చెప్తాను. ఆ దారిన వెళ్ళేవాళ్ళు బస్సులో ఎడమవైపు కిటికీ పట్టుకోండి, సూర్యోదయం అటే వస్తుంది.

బయల్దేరిన కారణం చెప్పాలి. బుధవారం అక్క ఫోన్ చేసింది.

"సరోజా, మీ బావ మగ్గం గుంత పూడుస్తనంటున్నడే. సోమారం పొద్దుగాల మొరం ట్రాక్టరు గూడ మాట్లాడిండు."

మా బావ గొంగళ్ళు నేస్తాడు. నలభై అయిదేళ్ళుగా ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తూనే ఉన్నాడు. అక్క కదురు మీద నల్ల ఉన్ని వడుకుతుంది. దానికి రంగు వెయ్యరు, గొర్రె పుట్టుకతో తెచ్చుకున్న నలుపే. ఈమధ్య హైదరాబాదులో ఒక చేనేత ప్రదర్శన వాళ్ళు గొంగడి ఫోటోలు పంపమంటే, అక్క కోడలు సెల్‌ఫోన్‌తో తీసి పంపింది. వాళ్ళ దగ్గరనుంచి ఒక్క ముక్క జవాబు వచ్చింది: రంగు వెలిసినవి మాకు వద్దు.

బావ ఫోన్ తెర చూశాడు. నిజంగానే గొంగడి బూడిదరంగులో ఉంది. చేతిలో ఉన్న గొంగడి చూశాడు. నల్లగా ఉంది. ఫోన్‌కి కళ్ళు పోవు, నా కళ్ళే పోయాయి అనుకున్నాడు. తెలిసీ తెలియక ఎన్నాళ్ళుగా వెలిసిపోయిన గొంగళ్ళు నేసి జనానికి అంటగడుతున్నానో అని తిండి మానేశాడు.

"నల్లగనే ఉన్నదయ్యా అంటె నమ్ముతలేడు. నన్ను బుదగరిస్తున్నవ్ అంటడు. కండ్ల దవాఖానకు రమ్మంటె రాడు. నువ్వేదో పెద్ద కెమెరా కొన్నవంటివి గద, జర ఒచ్చి మంచిగ ఒక్క ఫోటో తీయ్యే" అంది అక్క.

కెమెరా కొన్నమాట నిజం. వాడటం రాదన్న మాట మాత్రం అక్కకు చెప్పలేదు. మా వీధిలో పెళ్ళిళ్ళ స్టూడియో నడిపిన శీను దుకాణం ఎత్తేస్తూ తన పాత కెమెరా అమ్మితే రెండు నెలల కింద తీసుకున్నాను. అప్పటినుంచి అది బీరువాలో చీరల మధ్య హాయిగా నిద్రపోతోంది. శుక్రవారం సాయంత్రం శీనుని పిలిచి అరగంట పాఠం చెప్పించుకున్నాను.

"మూడే మూడు మేడం. అపర్చర్ అంటె కెమెరా కంటిపాప, ఎంత తెరుసుకోవాలె అనేది. షట్టర్ అంటె ఎంతసేపు తెరుసుకోవాలె అనేది. ఐఎస్‌వో అంటె లోపలున్న కన్నుకు చురుకు ఎంత అనేది. ఎలుగు సాలకుంటె మూడిట్ల ఏదో ఒకటి మార్చుండ్రి."

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత అన్నాడు, "కంటిపాప నంబరు తగ్గిస్తె ఎలుగు ఎక్కువొస్తది, పెంచితె తక్కువొస్తది." నంబరు తగ్గితే ఎక్కువ ఎలా అవుతుందయ్యా అని అడిగితే, "గదంతే మేడం" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలు 'ఎందుకు' అని అడిగినప్పుడు 'అదంతే' అన్న టీచర్ల మీద మండిపడ్డదాన్ని. నోరు మూసుకుని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

బస్సు ఊరు దాటేసరికి మంచు. బత్తాయి తోటలు, పత్తి చేలు, మధ్యలో ఏనుగుల్లా కూర్చున్న బండరాళ్ళు, అన్నీ పాలల్లో నానబెట్టినట్టున్నాయి. కిటికీ అద్దానికి తల ఆనించి సగం నిద్రలో చూస్తుంటే, తోట ఎక్కడ అయిపోయిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఒక చోట మంచులోంచి గొడ్డు ఒకటి మెడ గంట మోగించుకుంటూ వచ్చి, రోడ్డు చూసి, మళ్ళీ మంచులోకే వెళ్ళిపోయింది. ఆ గంట చాలాసేపు వినపడింది. నాకది కలలోనా బయటా అన్నది ఇప్పటికీ తేలలేదు.

షట్టర్ సంగతి తేల్చుకుందామని కెమెరా తీశాను. ముప్పై అని పెడితే సెకనులో ముప్పయ్యోవంతు సేపు తెరుచుకుంటుందని శీను చెప్పాడు. వెలుతురు తక్కువ కదా అని ముప్పై పెట్టి కిటికీలోంచి చింతచెట్ల వరసను తీశాను. తెరమీద చెట్లు లేవు. ఆకుపచ్చ చారలు, నల్ల చారలు సాగిపోయి ఉన్నాయి. పక్కన మల్లేపల్లికి పోతున్న ముసలవ్వ ఒకామె, ఒళ్ళో గంప పెట్టుకుని, మెడ సాచి చూసింది.

"పాడైంది అవ్వా" అన్నాను.

"ఏం పాడైంది బిడ్డా? బస్సుల పోయేటప్పుడు చెట్లు గిట్లనే ఉరుకుతయి గద. నీ మిషిను మంచిగనే చూసింది" అంది అవ్వ.

మరీ అంత సుళువుగా ఒప్పుకోవడం నా స్వభావం కాదు. వెయ్యి పెట్టి మళ్ళీ తీశాను. చెట్లు కదలకుండా నిలబడ్డాయి గానీ, తెర మొత్తం చీకటి. సెకనులో వెయ్యోవంతులో ఆ మంచులోంచి వెలుగు ఎంతని వస్తుంది? వెలుగు కావాలంటే సమయం ఇవ్వాలి, సమయం ఇస్తే కదిలేవి చెదురుతాయి. ఇది నాకు దేవరకొండ చేరకముందే అర్థమైంది. అవ్వ మల్లేపల్లిలో దిగుతూ "ఉరికే చెట్లదే మంచిగున్నది, తుడిపెయ్యకు" అని చెప్పి మరీ దిగింది. తుడపలేదు.

ఏడూ నలభైకి దేవరకొండ. గుట్ట మీది కోట మంచులో నడుము దాకా మునిగి ఉంది. బస్టాండు ఎదురుగా నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, ఒక టీ. ఇడ్లీ గట్టిగా ఉందని అనబోయి, వేడిగా ఉందని ఊరుకున్నాను. ఎనిమిదీ పదికి కల్వకుర్తి బస్సు దొరికింది. డిండి దగ్గర నీళ్ళమీద మంచు లేచి పోతుంటే బస్సులో మాట్లాడుకుంటున్న వాళ్ళు కూడా కిటికీల వైపు తిరిగారు. పావు తక్కువ పదికి కల్వకుర్తి, పదింటికి అక్కడినుంచి పాలమూరు బస్సు. జడ్చర్ల దాకా నిద్రపోయాను. పదకొండూ నలభైకి పాలమూరులో దిగి, ఆటోలో రైలు స్టేషనుకి. పన్నెండూ పావుకి రావలసిన ప్యాసింజరు పది నిమిషాలే ఆలస్యంగా వచ్చింది. టికెట్ పది రూపాయలు.

రైల్లో ఎదురుగా సీతాఫలాల గంపతో ఒక ఆమె కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. కంటిపాప నంబరు బాగా తగ్గించి, ఆమె పండు పట్టుకుని చూపిస్తుండగా తీశాను. పండు మీది ప్రతి కన్నూ విడివిడిగా, మెరుస్తూ వచ్చింది. వెనక ఆమె ముఖం మాత్రం పొగలా కరిగిపోయింది.

"పండు మంచిగొచ్చింది. నన్నెందుకు పొగల గలిపినవ్ అక్కా?" అని అడిగింది ఆమె.

నంబరు పెంచి మళ్ళీ తీశాను. ఈసారి పండూ వచ్చింది, ఆమే వచ్చింది, వెనక కిటికీ ఊచలూ వచ్చాయి. అన్నీ వచ్చేసరికి అసలు దేన్ని చూడాలో తెలియకుండా పోయింది. కంటిపాప పెద్దగా తెరిస్తే దగ్గరిదొక్కటే తేటగా ఉంటుంది, చిన్నది చేస్తే దూరం దాకా తేటపడుతుంది. అది కంటితో చూశాను గనక నమ్మాను. నంబరు మాత్రం తలకిందులుగా ఎందుకుందో ఇంకా మింగుడుపడలేదు. రెండు పళ్ళు చేతిలో పెట్టి ఆమె డబ్బులు వద్దంది. నేను ఊరుకోలేదు.

దేవరకద్రలో ఆటో ఎక్కి ఒంటిగంటా ముప్పావుకి ఊరు చేరాను. అక్క వాకిట్లోనే నిలబడి ఉంది. కాళ్ళు కడుక్కోకముందే "తిన్నవా?" అని, జవాబు వినకుండానే జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. "మంచిగున్నవా సరోజా" అన్నాడే గానీ నా ముఖం వైపు చూడలేదు. తన కళ్ళను ఎవరిమీదా పెట్టడం ఇష్టంలేనివాడిలా కింద చూస్తూనే ఉన్నాడు. నాకు చాలా బాధేసింది.

సాయంత్రం నాలుగింటికి వాకిట్లో మంచం వాల్చి గొంగడి పరిచాం. చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టిన కొత్త గొంగడి, ఉన్ని వాసన ఇంకా పోలేదు. నల్లటిది. నా కళ్ళతో చూశాను కాబట్టి చెప్తున్నాను, అంత నలుపు నేను వేరెక్కడా చూడలేదు. శీను చెప్పినట్టు నంబరు నేను పెట్టి, సమయం కెమెరానే చూసుకునే పద్ధతిలో ఉంచి, తీశాను.

తెరమీద గొంగడి బూడిదరంగులో వచ్చింది.

వెలుగు చాలలేదేమో అనుకున్నాను. నల్లటి వస్తువుకి వెలుగు ఎక్కువ కావాలి కదా, ఎవరికైనా తోచేది అదే. మంచాన్ని ఎండలోకి లాగాం. ఇంకా తెల్లబడింది. గొంగడిని మగ్గం ఇంట్లోకి తీసుకెళ్ళి, అక్కడ చీకటిగా ఉందని ఐఎస్‌వో ఎక్కువ చేసి తీశాను. బూడిదరంగు అలాగే ఉంది, దానికి తోడు ఫోటో నిండా చుక్కలు.

"ఇదేందే, నూకలు చల్లినట్టున్నది?" అంది అక్క.

బావ వెనకనుంచి వచ్చి ఎప్పుడు నిలబడ్డాడో నేను చూడలేదు. తెర వైపు వంగి చాలాసేపు చూశాడు.

"నేను జెప్పలె? బూడిది రంగే."

"బావా, నాకు కెమెరా సరిగ్గ రాదు. తప్పు నాదే. గొంగడి నల్లగనే ఉన్నది" అన్నాను.

"చిన్న ఫోన్ల గట్లనే ఒచ్చింది. నీ పెద్ద దాంట్ల గట్లనే ఒచ్చింది. మిషిన్‌కు అబద్ధమాడే పనేమున్నది సరోజా? నువ్వు, మీ అక్క నా మీద పావురంతోని చెప్తున్నరు." మావి ప్రేమకొద్దీ చెప్పే మాటలని తేల్చేసి గొర్రెల దొడ్డి వైపు వెళ్ళిపోయాడు.

అక్క గుంత గట్టు మీద కూర్చుని ఏడ్చింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. సహాయం చేద్దామని వంద మైళ్ళు వచ్చి, ఆయన అనుమానానికి నా చేత్తో సాక్ష్యం ఇచ్చానే అని నా మీద నాకే కోపం వచ్చింది. పొద్దు వాలుతుంటే గొర్రెల అడుగుల దుమ్ము ఎర్రగా లేచి ఇళ్ళమీద పరుచుకుంది. ఆ దుమ్ములో మనుషులు, గొర్రెలు, చెట్లు అన్నీ ఒకే రంగులో మెల్లగా కదులుతున్నాయి. మరోరోజైతే ముచ్చటపడి ఫోటో తీసేదాన్ని. కెమెరా సంచిలో పడేసి పడుకున్నాను.

ఆదివారం. ఏడున్నరకి అక్క మోదుగాకుల్లో మాంసం తెచ్చింది. ఆ ఊళ్ళో ఆదివారం పొటేలును కోసి పోగులేస్తారు. అంటే, ఎన్ని ఇళ్ళు కలిస్తే అన్ని సమాన భాగాలు. ఎవరి పోగు వాళ్ళు తీసుకుంటారు. ఆకు విప్పి చూస్తే మాంసం గుప్పెడే ఉంది.

"ఇంతేనా అక్కా?" అన్నాను.

"పదహారు పోగులేసిండ్రే ఇయ్యాల. పదహారేస్తె గింతనే అయితది మరి. మొన్న నాలుగే పోగులేస్తె కుండ నిండింది."

ఆకు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాలుగు పోగులు వేస్తే పోగు పెద్దది. పదహారు వేస్తే చిన్నది. కెమెరా మీద ఉన్న కంటిపాప నంబర్లు నాలుగు, ఎనిమిది, పదహారు అంటే ఇవే కదా! నాలుగోవంతు, ఎనిమిదోవంతు, పదహారోవంతు. కంటిపాప ఎన్నోవంతు తెరుచుకుందో ఆ అంకె చెబుతోంది. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద భిన్నాలు రాసి, హారం పెరిగితే విలువ తగ్గుతుందని పిల్లల చేత వల్లె వేయించినదాన్ని. బడి మొహం చూడని మా అక్క మాంసం పోగుతో నాకు నేర్పింది. సిగ్గూ నవ్వూ రెండూ వచ్చాయి. "ఏందే, మాంసం జూసి నవ్వుతున్నవ్?" అని అక్క కసిరింది.

ఎనిమిదింటికి బావ మగ్గం ఇంట్లోకి వెళ్ళాడు. మర్నాడు గుంత పూడ్చాలి కదా, మగ్గం మీద మిగిలిన సగం నేత కోసేసి సామాను తీసెయ్యడానికి. నేను వెనకే వెళ్ళాను. తూర్పు వాకిలి, జోడు తలుపులు. బారెడు పొద్దెక్కి ఎండ తిన్నగా మగ్గం మీద పడుతోంది. చేతిలో కత్తి ఉంది గానీ, ఆయన కొయ్యలేక నిలబడి ఉన్నాడు.

ఏదో ఒకటి మాట్లాడించాలని అడిగాను. "బావా, నల్లదారం మీద నల్లదారం నేస్తవ్ గద, తెగిన పోగు నీకెట్ల కనవడ్తది?"

ఆయన కత్తి పక్కన పెట్టి ఒక తలుపు మూసేశాడు. రెండోది కూడా తోసి, జానెడు సందు వదిలాడు. గది నల్లబడింది.

"ఇప్పుడు జూడు."

"నాకేం కనవడ్తలేదు."

"జర ఆగు. కండ్లకు టైమియ్యాలె."

ఆగాను. ఎంతసేపో చెప్పలేను, ఆ గదిలో సమయం వేరే రకంగా నడిచింది. బయట ఎక్కడో గొర్రెపిల్ల అరుస్తోంది. తలుపు సందులోంచి వచ్చిన వెలుగు గీతలో ఉన్ని నూగు తేలుతోంది. మెల్లగా, చీకట్లోంచి ఒక్కో పోగూ పైకి వచ్చింది. మొదట అంచు, తర్వాత దాని పక్కది, ఆ తర్వాత మొత్తం నేత. నలుపులో ఇన్ని నలుపులుంటాయని నాకు తెలియదు.

"ఎండ మీదవడ్తె నలుపు తెల్లవోతది. నలుపుకు ఎలుగు తక్కువనే ఇయ్యాలె. మా నాయిన నేర్పిన పని గిది" అన్నాడు బావ. నేత మీద చెయ్యి పెట్టి, "నాకు గిప్పుడు గూడ నల్లగనే కనవడ్తున్నది. గది నిజమో కాదో, గదే తెల్వది" అన్నాడు.

తలుపు ఎంత తెరవాలి, ఎంతసేపు ఆగాలి, కన్ను ఎంత చురుగ్గా ఉండాలి. శీను చెప్పిన మూడూ ఈయన నలభై అయిదేళ్ళుగా ఈ గుంతలో చేస్తున్నవే. నేనే నలుపుకి వెలుగు కుమ్మరించి నలుపును చంపాను.

వాకిట్లోకి వచ్చి శీనుకి ఫోన్ చేశాను. నల్లటిది నల్లగా రావాలంటే ఏం చెయ్యాలని అడిగాను.

"కెమెరాకు నలుపు తెలుపు తెల్వదు మేడం. ఏది జూపిచ్చినా గది బూడిది రంగే అనుకుంటది. నల్లది జూపిస్తె చీకటైందనుకొని ఎలుగు పెంచుతది. మీరు మైనస్‌కు జరపాలె. తెర కింద గీతల మీద ఒక ముల్లుంటది జూడుండ్రి. నడుమ సున్నా మీదున్నదా?"

చూశాను. "సున్నా మీద లేదు. ప్లస్ ఒకటి మీదున్నది" అన్నాను.

అవతల చిన్నగా నవ్వు. "అయ్యో, గది నేను పెట్టిందే మేడం! పెండ్లిల్ల అందరు తెల్లగ రావాలంటరు గద. పదేండ్ల సంది గట్లనే ఉన్నది, యాదికే లేదు."

పదేళ్ళుగా నల్లగొండ పెళ్ళికూతుళ్ళనీ, పెళ్ళికొడుకులనీ, వాళ్ళ మేనత్తలనీ తెల్లగా చేసిన ప్లస్ అది. నిన్న మా బావ గొంగడిని కూడా తెల్లగా చేసింది. శీనుని నాలుగు తిట్టి, అంతలోనే థాంక్స్ చెప్పి, ఫోన్ పెట్టేశాను.

మగ్గం ఇంట్లోకి వెళ్ళి, బావను గొంగడి కప్పుకుని మగ్గం పక్కన కూర్చోమన్నాను. నాకెందుకమ్మా అన్నాడు. అక్క వెనకనుంచి గద్దించింది, కూర్చున్నాడు. తలుపు సందు జానెడే ఉంచాను. కెమెరాని ముక్కాలిపీట మీద కదలకుండా పెట్టాను. కంటిపాప ఎనిమిది పోగులు. ఐఎస్‌వో తక్కువ, నూకలు పడకుండా. ముల్లుని ప్లస్ మీదనుంచి జరిపి, సున్నా దాటించి, మైనస్ ఒకటిన్నర మీద నిలబెట్టాను. అంత తక్కువ వెలుగులో షట్టర్ అరసెకను తెరుచుకోవాలి.

"బావా, ఊపిరి బిగబట్టు."

బిగబట్టాడు. అక్క కూడా బిగబట్టింది. తెరుచుకున్న శబ్దం, మూసుకున్న శబ్దం మధ్య ఆ అరసెకను నాకు చాలా పొడుగ్గా అనిపించింది.

తెర నేను ముందు చూడలేదు. కెమెరా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. బావ చూశాడు. గొంగడి అంచు వేళ్ళతో ఎత్తి తెర పక్కన పెట్టి చూశాడు. తెర, గొంగడి, మళ్ళీ తెర. అందులో గొంగడి నల్లగా ఉంది, పోగు పోగుగా ఉంది. గొంగడి పైన ఆయన ముఖం కూడా ఉన్నది ఉన్నట్టుగా, నల్లగా, ఎంతో అందంగా ఉంది.

"గిది నల్లగున్నది" అన్నాడు, ఎవరూ కాదనకుండానే వాదిస్తున్నట్టు.

"ఉన్నది బావా."

"నాకు గూడ గట్లనే కనవడ్తది. ఎప్పుడు గట్లనే కనవడ్తది." అప్పుడు తలెత్తి మొదటిసారి నన్ను చూశాడు. "నువ్వు శాన ముసలైనవ్ సరోజా" అన్నాడు. అక్క పడీ పడీ నవ్వింది. నాకు నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

ఆ పూట ఆయన గుప్పెడు మాంసంలో సగం తనే తిన్నాడు. గుంత గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. అడిగే ధైర్యం మాకిద్దరికీ లేకపోయింది. నేత కొయ్యలేదు, అదొక్కటే నేను గమనించింది. మధ్యాహ్నం అరుగు మీద పడుకుని, ఆకాశంలోకి చూస్తూ నిద్రపోయాడు.

సోమవారం ఆరున్నరకి బయల్దేరాను. ట్రాక్టరు ఇంకా రాలేదు. ఉండమని అక్క బతిమాలింది గానీ, ఆ మొరం దిగుతుంటే చూసే ఓపిక నాకు లేదు. దేవరకద్రలో రైలుకు ఆగకుండా పాలమూరు బస్సెక్కాను. ఎనిమిదింబావుకి పాలమూరు, అక్కడ ఉప్మా, టీ. ఎనిమిదీ నలభైకి కల్వకుర్తి బస్సు. చుట్టూ కందిచేలు పూతమీద ఉన్నాయి, ఎండ ఇంకా లేతగా ఉంది. కిటికీలోంచి వస్తున్న వెలుగు చీరమీద, చేతులమీద పారుతుంటే, కళ్ళు మూసినా తెరిచినా ఒకటిగానే అనిపించింది. కెమెరా సంచి ఒళ్ళో ఉంది, తీయాలనిపించలేదు.

జడ్చర్ల దాటాక అక్క ఫోన్.

"ట్రాక్టరొచ్చిందే."

"పూడ్చిండా?"

"మొరం వాకిట్ల పోయించిండు. వానకు బురదయితున్నదట, ఇన్నేండ్లకు గిప్పుడు కనవడ్డది ఆ బురద! ఇగ గుంతల దిగి కూసున్నడు. గా హైదరాబాదోళ్ళకు ఫోటో పంపాల్నా అని కోడలు అడిగితె, పంపితె పంపుండ్రి, లేకుంటె లేదు, నాకేం ఫికర్ లేదన్నడు. ఆగు, ఇను."

అక్క ఫోన్ తీసుకెళ్ళి తలుపు దగ్గర పెట్టినట్టుంది. బస్సు మోతలో మొదట ఏమీ వినపడలేదు. రెండో చెవి చేత్తో మూసుకున్నాను. అప్పుడు వినపడింది, నేత మీద చెక్కతో కొట్టే దెబ్బ. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. పక్క సీటులో పెద్దమనిషి "ఏమైందమ్మా, ఏడుస్తున్నవ్?" అని అడిగాడు. ఏం లేదన్నాను.

మూడు రోజుల ప్రయాణంలో నేను తీసిన ఫోటోలు మొత్తం ఎనిమిది, అందులో పనికొచ్చింది ఒక్కటి. వెలుగు ఎంత పోయాలో నేర్చుకోవడానికి వెళ్ళి, ఎక్కడ పొయ్యడం ఆపాలో నేర్చుకుని వచ్చాను. జీవితమంతా పిల్లలకు చెప్పింది ఒకటే, జవాబు వచ్చాక సరిచూసుకోమని. మా బావ సరిచూసుకున్నాడు. ఆయన జవాబు మొదటినుంచీ సరిగ్గానే ఉంది.